పంపే ముందు: మీ ఇంగ్లిష్ రాతలో తప్పులు మీరే పట్టుకోవడం ఎలా

ఉద్యోగానికి దరఖాస్తు, క్లయింటుకు మెయిల్, విదేశీ యూనివర్సిటీలో ప్రొఫెసర్‌కు ఉత్తరం, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో నోటీసు. రాసేది ఏదైనా చదివేవాళ్ళకు చిరాకు తెప్పించే తప్పులు ఇంచుమించు ఒకటే. ఇంగ్లిష్ ఒక మహాసముద్రమని భయపడి గ్రామర్ పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి పట్టుకున్నవాళ్ళు ఇరవయ్యో పేజీ దాటరు. అంత కష్టపడక్కర్లేదు. ఎవరి రాత తీసుకున్నా పదో పన్నెండో తప్పులే తిరిగి తిరిగి వస్తుంటాయి. అవి ఆకాశం నుంచి ఊడిపడినవీ కావు. చాలావరకు మన తెలుగు వాక్యంలోంచి, తెలుగు ఉచ్చారణలోంచి వచ్చినవే. అవేమిటో తెలుసుకుని, పంపే ముందు వాటికోసమే ప్రత్యేకంగా వెతకాలి. ఎలా వెతకాలో వరుసగా చెబుతాను.

ఒక్క అక్షరానికి ఇంత రాద్ధాంతమా అనుకునేవాళ్ళకు ఒక సంగతి. బ్రిటన్‌లో కంపెనీలను నమోదు చేసే ప్రభుత్వ కార్యాలయం 2009లో టేలర్ అండ్ సన్ అనే కంపెనీ మూతపడుతోందని రాయబోయి, టేలర్ అండ్ సన్స్ మూతపడుతోందని రాసింది. చివర ఒక్క ఎస్ ఎక్కువైంది. ఈ రెండోది కార్డిఫ్‌లో నూరేళ్ళు దాటిన ఇంజినీరింగ్ కంపెనీ. రెండొందల యాభై మందికి పైగా అక్కడ పనిచేసేవారు. రికార్డు దిద్దేసరికే కబురు పాకిపోయింది. సరుకిచ్చేవాళ్ళు, అప్పిచ్చేవాళ్ళు వెనక్కి తగ్గారు, కంపెనీ నిలబడలేదు. 2015లో హైకోర్టు ఆ కార్యాలయాన్నే బాధ్యురాలిగా తేల్చింది. మన తప్పులు అంత ఖరీదైనవి కావు. కానీ చదివేవాళ్ళు మనం చెప్పే విషయం వదిలేసి ఆ తప్పు దగ్గరే ఆగిపోతారు. అక్కడి నుంచి వాళ్ళను మళ్ళీ విషయంలోకి లాక్కురావడం కష్టం.

ముందు పేరు చూడండి

రాసిన వెంటనే చదివితే కన్ను కాగితం మీద ఉన్నదాన్ని చూడదు, మనసులో ఉన్నదాన్ని చూస్తుంది. కాసేపు పక్కన పెట్టండి. వీలైతే అక్షరాల సైజు పెంచండి, లేదా ఫోన్‌కు పంపుకుని అక్కడ చదవండి. చూపు కొత్తదవుతుంది. ఫోన్ చేతనే పైకి చదివించుకుని వింటే ఇంకా మంచిది. మీరు మింగేసిన మాటను అది మొహమాటానికి కలిపి చదవదు.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది గ్రామర్ కాదు, అవతలి మనిషి పేరు. పేరు తప్పు రాశాక కింద ఎంత చక్కని ఇంగ్లిష్ ఉన్నా దండగే. మన పేర్లే చూడండి: ఒక లక్ష్మి ఎక్స్‌తో రాసుకుంటుంది, ఇంకో లక్ష్మి కే-ఎస్-హెచ్‌తో. ఒక శ్రీనివాస్‌కు ఐ ఉంటుంది, పక్క సీటు శ్రీనివాస్‌కు రెండు ఈలు. వాళ్ళ పాత మెయిల్ అడుగున ఉన్న సంతకం నుంచి పేరును కాపీ చేసుకోండి, ఊహించి టైప్ చేయకండి. పేరు చూసి సర్ అనాలో మేడమ్ అనాలో తేలకపోతే పూర్తి పేరు రాసేయండి, ఎవరూ నొచ్చుకోరు. ఆ తర్వాత తేదీ, డబ్బు మొత్తం, జత చేశానని రాసిన ఫైలు నిజంగా జత చేశారా లేదా. ఈ మూడూ చూశాకే భాష సంగతి.

తెలుగులోంచి దిగిన వాక్యాల కోసం ఒకసారి చదవండి

అన్ని తప్పుల కోసం ఒకేసారి వెతికితే ఒక్కటీ దొరకదు. అందుకే ఈ విడత వాక్యం నిర్మాణం మాత్రమే చూడండి. ఎక్కువ సమయం ఇక్కడే పెట్టాలి, మన చిక్కంతా ఇక్కడే ఉంది.

‘మూడేళ్ళ నుంచి ఇక్కడ పనిచేస్తున్నాను’ అనే మామూలు మాటను మనలో చాలామంది ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ త్రీ ఇయర్స్’ అని రాస్తారు. ఇందులో రెండు తప్పులున్నాయి, రెండూ తెలుగు పుణ్యమే. మనకు ‘నుంచి’ అన్న ఒక్క మాట 2021 నుంచి అనడానికీ, మూడేళ్ళ నుంచి అనడానికీ సరిపోతుంది. ఇంగ్లిష్‌లో పని ఎప్పుడు మొదలైందో చెబితే సిన్స్, ఎంతకాలంగా సాగుతోందో చెబితే ఫర్. ఇక ‘పనిచేస్తున్నాను’ అనే వర్తమానం మనకు వెనకటి మూడేళ్ళనూ మోస్తుంది, ఇంగ్లిష్ వర్తమానం మోయదు. అందుకని ‘ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ త్రీ ఇయర్స్’ అనాలి. మీరు రాసినదాంట్లో సిన్స్ ఎక్కడున్నా ఆగి దాని పక్కన ఏముందో చూడండి. తేదీయో, నెలో, ఏడాదో, ఒక సంఘటనో ఉంటే సరే. లెక్క ఉంటే ఫర్‌గా మార్చండి.

తర్వాత హావ్, హాజ్ ఉన్న ప్రతి వాక్యం. ‘ఐ హావ్ సెంట్ ద ఫైల్ ఎస్టర్డే’ అని రాశారా? హావ్ తీసేయండి. జరిగిన సమయం ఫలానా అని చెప్పేశాక, అంటే నిన్న, కిందటి వారం, 2019లో అన్నాక, ఆ వాక్యంలో ‘హావ్ సెంట్’ రూపానికి చోటు లేదు. ‘ఐ సెంట్ ద ఫైల్ ఎస్టర్డే’ చాలు. సమయం చెప్పకపోతే ‘ఐ హావ్ సెంట్ ద ఫైల్’ నిక్షేపంలా ఉంటుంది.

డిడ్ ఉన్న వాక్యాలు మూడోది. ‘ఐ డిడ్ంట్ వెంట్’, ‘డిడ్ యూ సా’ లాంటివి ఒక్కటి కనబడినా చదివేవాళ్ళు మీ మొత్తం ఇంగ్లిష్ మీద ఒక అభిప్రాయానికి వచ్చేస్తారు. అది న్యాయం కాకపోవచ్చు, కానీ జరిగేది అదే. డిడ్ వచ్చిందంటే జరిగిపోయిన కాలాన్ని చెప్పే బాధ్యత దానిదే. పక్కనున్న క్రియ మామూలు రూపంలో ఉండాలి: డిడ్ంట్ గో, డిడ్ యూ సీ.

ఐఎన్‌జీ తోక కోసం కూడా వెతకండి. ‘ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్’, ‘ఐ యామ్ నోయింగ్ హిమ్’, ‘వీ ఆర్ నీడింగ్ యువర్ అప్రూవల్’. ఉండటం, తెలియడం, కావాల్సి రావడం, నమ్మడం ఇవి చేసే పనులు కావు, ఉండే స్థితులు. వీటికి తోక అతకదు: ఐ హావ్, ఐ నో, వీ నీడ్. హావింగ్ లంచ్ అనొచ్చు కదా అంటారేమో. అక్కడ హావ్ అంటే తినడం, అది పనే.

ప్రశ్నలో ప్రశ్న పెట్టినప్పుడు మాటల వరస మారుతుంది. ‘వేర్ ఈజ్ ద ఫైల్?’ సరైన ప్రశ్నే. దాని ముందు ‘ప్లీజ్ టెల్ మీ’ తగిలిస్తే మాత్రం ‘వేర్ ద ఫైల్ ఈజ్’ అవుతుంది. దీన్ని బాగా చదువుకున్నవాళ్ళు కూడా పట్టించుకోరు.

అన్ని తప్పులనూ తెలుగు మీద తోసేయడం కూడా తప్పే. కొన్నిచోట్ల తెలుగును నమ్ముకుంటే బతికిపోతాం. ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్’ అని రాసేవాళ్ళు తెలుగులో ‘నా స్నేహితుడిలో ఒకరు’ అనరు కదా, ‘స్నేహితుల్లో ఒకరు’ అంటారు. అదే బహువచనం ఇంగ్లిష్‌లోనూ పెట్టండి: వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్. క్రియ మాత్రం ఆ ఒక్కరిదే: ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ వర్క్స్ దేర్’. అలాగే ‘వాన పడుతున్నా వచ్చాను’ అంటాం, మధ్యలో ‘కానీ’ ఇరికించం. ఇంగ్లిష్‌లో మాత్రం ఆల్దో అని మొదలుపెట్టి మధ్యలో బట్ కూడా వేస్తాం. రెండింట్లో ఒకటి తీసేయండి.

ఇక ముచ్చటైన తప్పులు కొన్ని ఉన్నాయి. చిన్నచిన్న తప్పులను ‘స్మాల్ స్మాల్ మిస్టేక్స్’ అంటాం. ‘ఇక్కడే ఉన్నాను’ అనడానికి ‘ఐ యామ్ హియర్ ఓన్లీ’ అంటాం, ఆ ఓన్లీ మన ‘ఏ’కారమే. ఈరోజు పొద్దున టుడే మార్నింగ్ అవుతుంది, నిన్న రాత్రి ఎస్టర్డే నైట్ అవుతుంది. ఇంగ్లిష్‌లో అవి దిస్ మార్నింగ్, లాస్ట్ నైట్. పెదనాన్న కొడుకు మనకు అన్నే, మేనమామ కొడుకు బావ. ఆ తేడాను వదులుకోలేక కజిన్ బ్రదర్ అని కనిపెట్టాం. ఇంగ్లిష్‌కు అంత పట్టింపు లేదు, అందరూ కజిన్లే. తోడల్లుణ్ణి కో-బ్రదర్ అంటే హైదరాబాద్‌లో అర్థమవుతుంది, హ్యూస్టన్‌లో బుర్ర గోక్కుంటారు. అక్కడ ‘మై వైఫ్స్ సిస్టర్స్ హస్బెండ్’ అని ఓపిగ్గా రాయాల్సిందే. మాటల్లో ఇవన్నీ నాకిష్టమే. మనలో మనం మాట్లాడుకునేటప్పుడు ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. ఉద్యోగ దరఖాస్తులో మాత్రం తీసేయండి. ‘మైసెల్ఫ్ సురేష్’ను అన్నిటికన్నా ముందు తీసేయండి. ‘ఐ యామ్ సురేష్’ అంటే సరిపోతుంది.

ఎ, యాన్, ద: తెలుగు లిపితో పరీక్ష

ఇవి మూడూ తెలుగులో లేవు, అందుకే మనకు ఎక్కడపడితే అక్కడ జారిపోతాయి. ముందు ఎ, యాన్ తేల్చుకుందాం. ఏ, ఈ, ఐ, ఓ, యూ అక్షరాల ముందు యాన్ అని బళ్ళో చెప్పిన సూత్రాన్ని మరిచిపోండి. చూడాల్సింది అక్షరాన్ని కాదు, శబ్దాన్ని. శబ్దాన్ని ఉన్నదున్నట్టు రాసే లిపి మనకు ఉండనే ఉంది. ఆ ఇంగ్లిష్ మాటను మనసులో తెలుగులో రాసుకోండి. మొదటిది అచ్చయితే యాన్, హల్లయితే ఎ.

ఎమ్మెల్యే, ఎఫ్ఐఆర్, ఎల్ఐసీ ఏజెంట్, ఎక్స్‌రే, ఎంబీఏ: అన్నీ ‘ఎ’ అనే అచ్చుతో మొదలవుతున్నాయి కాబట్టి యాన్. యూనివర్సిటీ, యూరోపియన్, యూజర్: ‘య’ హల్లు కాబట్టి ఎ. అవర్, ఆనెస్ట్: ఇంగ్లిష్‌లో హెచ్‌తో రాసినా పలికేది అచ్చే కాబట్టి యాన్. వన్-టైమ్ పాస్‌వర్డ్: ఓతో మొదలైనా పలికేది ‘వ’ కాబట్టి ఎ.

ఈ పరీక్ష ఒక్కచోట మోసం చేస్తుంది, మన నాలుక జారేచోట. ఏడాదిని మనం ‘ఇయర్’ అంటాం కాబట్టి ‘యాన్ ఇయర్’ అని రాస్తాం. ఇంగ్లిష్‌వాళ్ళు దాన్ని యకారంతో ‘యియర్’ అన్నట్టు పలుకుతారు, అందుకే ఎ ఇయర్. యాన్ పెడితే అది చెవి. పసుపు రంగును మనం ఎల్లో అన్నా అది యెల్లో, స్త్రీని ఉమన్ అన్నా అది వుమన్. రెంటికీ ఎ. హెచ్ అనే అక్షరాన్ని మనం హెచ్ అంటాం, బ్రిటన్, అమెరికాల్లో ఎక్కువమంది ‘ఎయిచ్’ అంటారు. కాబట్టి వాళ్ళకు రాసేటప్పుడు హెచ్ఆర్ మేనేజర్ ముందు యాన్ వస్తుంది.

ద సంగతి: చదివేవాళ్ళకు ఏదో ముందే తెలిసిన వస్తువైతే ద, మొదటిసారి చెబుతున్నదైతే ఎ. ‘ఐ బాట్ ఎ ల్యాప్‌టాప్. ద ల్యాప్‌టాప్ ఈజ్ స్లో.’ ఊళ్ళ పేర్లకు, మనుషుల పేర్లకు అక్కర్లేదు. నదులకు కావాలి: ద గోదావరి, ద కృష్ణ. అసలు ఏదీ పెట్టకుండా వదిలేయడమే మన పెద్ద తప్పు. లెక్కపెట్టగలిగిన వస్తువు ఒక్కటే ఉంటే అది ఒంటరిగా నిలబడదు. ‘ఐ యామ్ ఇంజినీర్’ కాదు, ‘ఐ యామ్ యాన్ ఇంజినీర్’.

లెక్కపెట్టలేనివాటికి ఎస్ తగిలించారేమో కూడా ఇక్కడే చూసేయండి. తెలుగులో వివరాలు, సలహాలు, సామాన్లు అని బహువచనాలున్నాయి కాబట్టి ఇన్ఫర్మేషన్స్, అడ్వైసెస్, లగేజెస్ అనిపిస్తుంది. ఇన్ఫర్మేషన్, అడ్వైస్, లగేజ్, ఫర్నిచర్, ఎక్విప్‌మెంట్, ఫీడ్‌బ్యాక్: వీటికి ఎస్ రాదు. ఒక్కటే అని చెప్పాలంటే ‘ఎ పీస్ ఆఫ్ అడ్వైస్’.

ఒకేలా వినబడే మాటలు

వీటిని స్పెల్ చెకర్ పట్టుకోవడం కష్టం. రెండూ డిక్షనరీలో ఉన్న మాటలే మరి. సోషల్ మీడియాలో కొట్లాటలు కూడా ఎక్కువగా వీటిమీదే.

ఇట్స్‌తో మొదలుపెట్టండి. మధ్యలో అపాస్ట్రఫీ, అంటే అక్షరాల మధ్య పైన వేలాడే చిన్న గుర్తు, ఉంటే ‘ఇట్ ఈజ్’ లేదా ‘ఇట్ హాజ్’ అని విడదీసి చదవండి. వాక్యం నిలబడితే అపాస్ట్రఫీ ఉంచండి, కూలిపోతే తీసేయండి. ‘దాని’ అనే అర్థంలో ఇట్స్‌కు అపాస్ట్రఫీ ఉండదు, హిజ్‌కు, హర్స్‌కు లేనట్టే. యువర్‌కు ఇదే పరీక్ష: ‘యూ ఆర్’ అని విడదీస్తే కుదిరితేనే అపాస్ట్రఫీ రూపం. ‘యువర్ వెల్కమ్’ అని ‘నీ’ అనే యువర్‌తో రాస్తే ‘నీ స్వాగతం’ అవుతుంది. దేర్ మూడు రకాలు. చోటుకు టీ-హెచ్-ఈ-ఆర్-ఈ, అందులో హియర్ దాక్కుని ఉంటుంది. వాళ్ళది అనడానికి టీ-హెచ్-ఈ-ఐ-ఆర్. మూడోది ‘దే ఆర్’ కుదించినది.

బహువచనానికి అపాస్ట్రఫీ పెట్టడం ప్రపంచమంతా ఉన్న జబ్బు. మన టిఫిన్ సెంటర్ బోర్డు మీద దోసెల ఎస్ ముందు అది వేలాడినట్టే, ఇంగ్లండ్‌లో కూరగాయల కొట్ల బోర్డుల మీదా వేలాడుతుంది. వాళ్ళు దానికి కూరగాయల కొట్టువాడి అపాస్ట్రఫీ అనే పేరు కూడా పెట్టుకున్నారు. జాన్ రిచర్డ్స్ అనే రిటైరైన పాత్రికేయుడు 2001లో అపాస్ట్రఫీ పరిరక్షణ సంఘం పెట్టాడు. 2019లో, తొంభై ఆరేళ్ళ వయసులో, ఇక నావల్ల కాదని మూసేశాడు. మీరు ఉద్యమం చేయక్కర్లేదు, ఒక్క సూత్రం చాలు: ఒకటికన్నా ఎక్కువ అని చెప్పడానికి ఉత్త ఎస్, ఎవరిదో చెప్పడానికి అపాస్ట్రఫీ.

పోగొట్టుకోవడానికి ఒక ఓ, వదులుగా ఉండటానికి రెండు ఓలు. మనం రెంటినీ లూజ్ అనే పలుకుతాం కాబట్టి రాతలో కలిసిపోతాయి. వదులుగా ఉన్నదాన్ని ఇంగ్లిష్‌లో ‘లూస్’ అని స-తో పలుకుతారు. అడ్వైస్ అనే సలహాకు సీ, అడ్వైజ్ అంటే సలహా ఇవ్వడానికి ఎస్. పోలికకు దాన్‌లో ఏ, ‘ఆ తర్వాత’ అనే దెన్‌లో ఈ. అఫెక్ట్, ఎఫెక్ట్‌లలో ప్రభావం చూపడమనే క్రియ ఎక్కువగా ఏతో, ప్రభావం అనే నామం ఈతో. కాగితాలు, కలాలు అమ్మే స్టేషనరీలో చివర ఈ-ఆర్-వై, ఎన్వలప్‌లో ఈ ఉంది కదా అని గుర్తుపెట్టుకోండి. కాలేజీ ప్రిన్సిపాల్ చివర పీ-ఏ-ఎల్, సిద్ధాంతమైతే పీ-ఎల్-ఈ.

స్పెల్లింగ్

ఇంగ్లిష్ స్పెల్లింగ్‌కు తర్కం లేదని తిట్టుకోవడం మామూలే. దానికో చరిత్ర ఉంది. విలియం కాక్స్‌టన్ 1476లో ఇంగ్లండ్‌కు అచ్చుయంత్రం తెచ్చాడు. అక్కణ్ణుంచి స్పెల్లింగులు మెల్లగా గట్టిపడుతూ వచ్చాయి. అదే కాలంలో ఉచ్చారణ మారిపోతూ వచ్చింది. నైఫ్ ముందున్న కే ఒకప్పుడు పలికేవారు. పలకడం మానేశారు, రాత మిగిలింది. కొన్ని పండితులు కావాలని ఇరికించినవి. అప్పు అనే అర్థంలోని డెట్ ఫ్రెంచ్ నుంచి బీ లేకుండానే వచ్చింది. మూలం లాటిన్‌లో బీ ఉందని చూపించుకోవడానికి తర్వాత దాన్ని చేర్చారు.

కాబట్టి తర్కం వెతక్కండి, తరచూ తప్పే మాటలను గుర్తుపెట్టుకోండి. అకామడేషన్‌లో రెండు సీలు, రెండు ఎమ్‌లు. కమిటీలో రెండు ఎమ్‌లు, రెండు టీలు, రెండు ఈలు, కక్కుర్తి పడకుండా అన్నీ రాయండి. నెసెసరీలో ఒక సీ, రెండు ఎస్‌లు. టుమారోలో ఒక ఎమ్, రెండు ఆర్‌లు. సెపరేట్ మధ్యలో ఎలుక ఉంది: ఆర్-ఏ-టీ. డెఫినెట్లీలో ఏ లేదు, మధ్యలో ఫైనైట్ అనే మాట ఉంది. గవర్నమెంట్‌లో పలకని ఎన్ ఉంది. మెయింటెనెన్స్ మధ్యలో మెయింటెయిన్ పూర్తిగా కనబడదు, అక్కడ టీ-ఈ-ఎన్ వస్తుంది. ప్రొనౌన్స్‌లో ఉన్న ఓ-యూ ప్రొనన్సియేషన్‌కు వచ్చేసరికి ఉత్త యూ అవుతుంది. గ్రామర్ చివర ఏ-ఆర్, ఈ-ఆర్ కాదు. గ్రామర్ గురించి ఫిర్యాదు చేసేవాళ్ళే దీన్ని తప్పు రాయడం చూస్తుంటాం. రిసీవ్‌లో సీ తర్వాత ఈ-ఐ. సీ తర్వాత తప్ప మిగతాచోట్ల ఐ-ఈ అని చెప్పే పాత పద్యాన్ని పూర్తిగా నమ్మకండి, సీజ్, ప్రొటీన్, వియర్డ్ దాన్ని లెక్కచేయవు.

బ్రిటిష్‌దా అమెరికన్‌దా? ఏదైనా ఒకటే పట్టుకోండి. నోవా వెబ్‌స్టర్ అనే అమెరికన్ 1828 నాటి తన పెద్ద నిఘంటువుతో కలర్‌లో యూ లేకుండా, సెంటర్ చివర ఈ-ఆర్ పెట్టి రాయడాన్ని స్థిరపరిచాడు. మన బళ్ళలో నేర్పింది బ్రిటిష్ పద్ధతి, మన కంప్యూటర్లు చాలావరకు అమెరికన్. అందుకే ఒకే పేజీలో రెండూ కనబడతాయి. వర్డ్‌లో, జీమెయిల్‌లో భాష సెట్టింగ్ చూసుకుని అవతలివాళ్ళ దేశాన్నిబట్టి మార్చుకోండి.

స్పెల్ చెకర్ ఎర్రగీత గీయలేదంటే తప్పు లేదని కాదు. మేనేజర్ స్పెల్లింగ్‌లో రెండో ఏ ఎగిరిపోతే మిగిలేది మేంజర్, అంటే పశువుల మేత తొట్టి. అది కూడా డిక్షనరీ మాటే కాబట్టి గీత పడకపోవచ్చు. ఫ్రమ్, ఫామ్ తారుమారైనా అంతే. ఇలాంటివాటికి పాత ప్రూఫ్‌రీడర్ల పద్ధతి పనికొస్తుంది: చివరి మాట నుంచి మొదటికి వెనక్కి చదవండి. అర్థం తెగిపోయి అక్షరాలు మాత్రమే కనబడతాయి.

అక్కర్లేని చిన్న మాటలు

‘గురించి చర్చించాం’ అనే అలవాటుకొద్దీ ‘డిస్కస్డ్ అబౌట్’ రాస్తాం. డిస్కస్‌లోనే ‘గురించి’ ఉంది. మెన్షన్ తర్వాత అబౌట్, ఎంఫసైజ్ తర్వాత ఆన్, కంప్రైజ్ తర్వాత ఆఫ్ తీసేయండి. డిస్కషన్ అనే నామమైతే అబౌట్ పెట్టొచ్చు. రిటర్న్ బ్యాక్, రిపీట్ అగైన్ ఒకే మాటను రెండుసార్లు చెప్పడమే. పెళ్ళి ‘విత్’ కాదు, మ్యారీడ్ టు. లెక్కల్లో దిట్ట ‘ఇన్’ కాదు, గుడ్ ఎట్. కాఫీ కన్నా టీ ఇష్టమైతే ‘ప్రిఫర్ టీ టు కాఫీ’, దాన్ రాదు.

కామాలు, చుక్కలు

కామాకు, ఫుల్‌స్టాప్‌కు ముందు ఖాళీ ఉండదు, తర్వాత ఉంటుంది. వాక్యం చివర ఒక్క చుక్క చాలు. ఆశ్చర్యార్థకాలు మూడు పెట్టినంత మాత్రాన ఆశ్చర్యం పెరగదు. ప్లీజ్‌ను మూడక్షరాలకు, యూను ఒక్క అక్షరానికి కుదించడం స్నేహితుల దాకానే.

జాబితా రాసేటప్పుడు చివరి ‘అండ్’, ‘ఆర్’ ముందు కామా కావాలా వద్దా అన్నది పాత గొడవ. అమెరికాలో మెయిన్ అనే పేరున్న రాష్ట్రంలో ఓవర్‌టైమ్ వర్తించని పనుల జాబితా ఒకటి చట్టంలో ఉండేది. దాని చివర ‘రవాణా కోసం లేదా పంపిణీ కోసం ప్యాకింగ్’ అని అర్థం చేసుకోవాలా, ‘ప్యాకింగ్’ వేరు ‘పంపిణీ’ వేరు అనుకోవాలా అన్నది ఒక్క కామా లేక తేలలేదు. ఓక్‌హర్స్ట్ అనే పాల కంపెనీ డ్రైవర్లు, మేం ప్యాకింగ్ చేయం, పంపిణీ చేస్తాం, మాకు ఓవర్‌టైమ్ రావాల్సిందేనని కోర్టుకెక్కారు. 2017లో అప్పీలు కోర్టు వాళ్ళ వైపు మొగ్గింది, 2018లో కంపెనీ 50 లక్షల డాలర్లకు రాజీపడింది. అర్థం రెండు రకాలుగా చీలే ప్రమాదం ఉన్నచోట కామా పెట్టేయండి.

దిద్దకుండా వదిలేయాల్సినవి

కొన్నిటిని తప్పులని భయపెడతారు, అవి తప్పులు కావు. వాక్యాన్ని బట్‌తో, అండ్‌తో మొదలుపెట్టొచ్చు. ఆన్, విత్ లాంటి మాటతో ముగించొచ్చు. ఆడో మగో తెలియని ఒక్క మనిషిని ‘దే’ అనొచ్చు. మెరియమ్-వెబ్‌స్టర్ నిఘంటువు 2019కి ఏడాది మాటగా దాన్నే ఎంచుకుంది. ప్రీపోన్ మన దేశపు ఇంగ్లిష్ మాట, ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు కూడా చేర్చుకుంది. మనవాళ్ళకు రాసేటప్పుడు ధైర్యంగా వాడండి. ‘డూ ద నీడ్‌ఫుల్’ ఒకప్పటి బ్రిటిష్ ఆఫీసు ఇంగ్లిష్. వాళ్ళు వదిలేశారు, మనం దాచుకున్నాం. తప్పు కాదు గానీ ఏం చేయాలో చెప్పదు. ఏం కావాలో అదే రాయండి: సంతకం చేసి పంపండి, మంగళవారంలోగా డబ్బు కట్టండి అని. విదేశీయులకు రాసేటప్పుడు మాత్రం రెండు మార్చుకోండి. ‘ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2018’ అంటే వాళ్ళకు స్పృహ తప్పి పడిపోయారని, కాబట్టి గ్రాడ్యుయేటెడ్ అనండి. ‘ప్లీజ్ రివర్ట్’ అంటే పాత స్థితికి తిరిగి వెళ్ళమని, కాబట్టి రిప్లై అనండి.

మీ సొంత జాబితా

పైవన్నీ మీ తప్పులు కావు. పాత మెయిళ్ళు ఓ పాతిక తీసి, ఏవి మళ్ళీ మళ్ళీ వస్తున్నాయో గుర్తుపెట్టండి. ఎవరైనా దిద్దిన డ్రాఫ్టు దొరికితే మరీ మంచిది. ఆ మాటలను ఫోన్‌లో నోట్‌గా రాసుకోండి: సిన్స్, హావింగ్, ఇట్స్, డిస్కస్, ఇన్ఫర్మేషన్స్, ఇలా. ముఖ్యమైనది ఏదైనా పంపే ముందు కంట్రోల్-ఎఫ్ నొక్కి ఒక్కొక్కటే వెతకండి. కొద్ది నిమిషాల పని. ఒక తప్పు కొన్నాళ్ళు కనబడకపోతే నోట్‌లోంచి కొట్టేసి కొత్తది చేర్చండి. ఏఐ చేత దిద్దించుకుంటే దిద్దినదాన్ని అలాగే పంపకండి, ఏం మార్చిందో చెప్పమనండి. లేకపోతే తప్పులతోపాటు మీ గొంతు కూడా పోతుంది, వచ్చేసారి అదే తప్పు మళ్ళీ చేస్తారు.

ఇవన్నీ తెలిశాక ఎదుటివాళ్ళ తప్పులే కళ్ళకు కొడతాయి. అడగనిదే దిద్దకండి. మీ కింద పనిచేసేవాళ్ళవైతే విడిగా, ఒక్కసారికి ఒక్క తప్పే చెప్పండి. ఇతరుల ఇంగ్లిష్‌ను దిద్దుతూ రాసిన దాంట్లో తప్పకుండా ఒక తప్పు దొర్లుతుందని ఇంగ్లిష్ ఎడిటర్లు ఒక సూత్రం చెప్పుకుంటారు. తప్పు జరగడానికి వీలుంటే జరిగే తీరుతుందని చెప్పే మర్ఫీ సూత్రం ఒకటి ఉంది, ఆ మర్ఫీ పేరును కావాలనే తప్పు రాసి దీనికి మఫ్రీ సూత్రమని పేరు పెట్టారు. కాబట్టి దిద్దుబాటు పంపే ముందు దాన్నీ వెనక్కి చదవండి. తప్పు ఉన్నది మేనత్తగారి పండగ శుభాకాంక్షల్లో అయితే అసలు దిద్దొద్దు, దండం పెట్టి థాంక్యూ అత్తా అనండి.